మధ్యాహ్నం లేజర్, సాయంత్రం పెళ్ళిపీటలా?

పెళ్ళిళ్ళ కాలం దగ్గర పడితే చాలు, ఫోను తెరిచినప్పుడల్లా ఒకటే ఊదర. పై పెదవికి ఐదు నిమిషాలట, గడ్డానికి పది నిమిషాలట, లంచ్ బ్రేక్‌లో వెళ్ళి వచ్చేయొచ్చట, థ్రెడింగ్ కన్నా తేలికట. మొన్నొక వీడియోలో పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేసే ఆవిడ ఇంకాస్త ముందుకు వెళ్ళింది. మధ్యాహ్నం లేజర్ చేయించుకుని సాయంత్రం పీటల మీద కూర్చోవచ్చు, ముందూ వెనకా ఏ జాగ్రత్తలూ అక్కర్లేదు అని నవ్వుతూ చెప్పింది. పక్కనున్న పెళ్ళికూతురు తలూపింది. ఆ పిల్లది చామనచాయ. ఆ మాట నమ్మితే కాలేది సరిగ్గా అలాంటి చర్మమే.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇది: ముఖం మీద లేజర్‌కు ముందు కొన్ని వారాలూ, తర్వాత కొన్ని వారాలూ పడే జాగ్రత్తే అసలు వైద్యం. మిషను ముఖానికి ఆనించే ఆ పది నిమిషాలు అందులో చిన్న ముక్క. ఈ సంగతి ఎవరూ చెప్పరు. జాగ్రత్తకు బిల్లు వేయడం కుదరదు, సిట్టింగుకే బిల్లు.

లేజర్ ఏం చేస్తుందో తెలిస్తే, జాగ్రత్తలు అక్కర్లేదన్న ఆ అబద్ధం ఎంత పెద్దదో తెలుస్తుంది. 1983లో అమెరికాలో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు వైద్యులు ఒక సూత్రం ప్రకటించారు. తగిన రంగు కాంతిని, తగినంత కొద్దిసేపు పంపితే చర్మంలో మనకు కావలసినదాన్ని మాత్రమే వేడెక్కించి చంపవచ్చు. వెంట్రుకల విషయంలో ఆ కాంతి వెతికేది మెలనిన్‌ని, అంటే నలుపుని. ఎండలో నల్లగుడ్డ ఎక్కువ వేడెక్కినట్టే నల్ల వెంట్రుక ఆ కాంతిని పీల్చుకుని కుదురుదాకా కాలుతుంది. అయితే అదే మెలనిన్ మన చర్మంలోనూ ఉంది. ఏది వెంట్రుకో, ఏది చెంపో కాంతికి తెలియదు. ఆ తేడా మిషను ఎంపికతో, శక్తి కొలతతో, చర్మాన్ని చల్లబరచడంతో మనిషి చూసుకోవలసిందే.

థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ చర్మవైద్యుడు 1975లో మొదలుపెట్టిన వర్గీకరణ ఇప్పుడు పాలరంగు నుంచి నలుపు దాకా ఆరు రకాల చర్మాలను చెబుతుంది. తెలుగువాళ్ళలో చాలామందిది నాలుగో రకమో, ఐదో రకమో. పాలరంగు చర్మానికి బాగా పనిచేసే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్‌ను మన ముఖం మీద అజాగ్రత్తగా పెడితే బొబ్బలెక్కుతుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ పైపొర మెలనిన్‌లో తక్కువ ఇంకి లోతుకు పోతుంది కాబట్టి మనకు దానితో ముప్పు తక్కువ. 810 ప్రాంతపు డయోడ్ కూడా వాడతారు, కానీ చల్లబరిచే ఏర్పాటుతో, నిదానంగా. ఏ మిషనండీ అని అడిగితే "ఇంపోర్టెడ్ మేడమ్" అని జవాబిచ్చే చోట ముఖం అప్పగించకూడదు. ఇంకో మాట. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మిషన్లకు ఒప్పుకున్నది వెంట్రుకలు శాశ్వతంగా తగ్గుతాయని చెప్పుకోవడం వరకే. మన వీధి బోర్డుల మీద మాత్రం ఒక్క వెంట్రుక కూడా మిగలదన్న హామీ కనిపిస్తుంది.

ముందు జాగ్రత్తల్లో నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది రేజర్ గొడవ దగ్గర. లేజర్‌కు ముందు కనీసం నాలుగు వారాలు థ్రెడింగ్, వ్యాక్సింగ్, పట్టకారుతో పీకడం మానేయాలి. కాంతిని పీల్చుకోవలసిన వెంట్రుక కుదురులో లేకపోతే లేజర్ దేన్ని కాలుస్తుంది? అలాగని పైకి పెరిగిన వెంట్రుకలతోనూ వెళ్ళకూడదు. అవి పైపైనే మాడి చర్మాన్ని చురకబెడతాయి. కాబట్టి ముందురోజు నున్నగా షేవ్ చేసుకుని వెళ్ళాలి. మన ఇళ్ళలో ఈ మాట ఎత్తి చూడండి. అమ్మ, అత్త, పిన్ని, పక్కింటి ఆంటీ అందరూ ఒక్కటైపోతారు. "రేజర్ పెట్టావంటే మగాడికి వచ్చినట్టు గడ్డం వస్తుందే!" బీటెక్ చదివిన పిల్లలు, ఫార్మసీ చదివిన పిల్లలు కూడా ఆ మాటకు జడుస్తారు. నాలుగు వారాలు ఆగలేక సగంలో థ్రెడింగ్‌కు పోతారు. లేదంటే బ్లీచ్ పూసుకుంటారు, అది అటు వెంట్రుక రంగును పలచబరిచి ఇటు చర్మాన్ని మండిస్తుంది. ఆ తర్వాత, లేజర్ పనిచేయలేదు, డబ్బు దండగ అని ఊరంతా చెబుతారు.

1928లోనే అమెరికాలోని సెయింట్ లూయీలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త కొందరు మగవాళ్ళ చేత ఒకే పద్ధతిలో గడ్డం గీయించి, ఆ వెంట్రుకలను పరీక్షించి చూసింది. గీసినంత మాత్రాన వెంట్రుక లావెక్కలేదు, వేగంగానూ పెరగలేదు. గీసిన చోట మొన మొండిగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతకుమించి ఏమీ లేదు. ఈ విషయం తేలి దాదాపు వందేళ్ళు. అయినా లేజర్ కోసం థ్రెడింగ్ మానిన ఆ నాలుగు వారాలూ ఆఫీసుకు మాస్క్ కట్టుకుని వెళ్ళే పిల్లలున్నారు. క్యాంటీన్‌లో అందరితో కూర్చుని తినలేక పక్కకు వెళ్ళి తింటారు. రోజూ కావాలంటే రోజూ షేవ్ చేసుకోవచ్చమ్మా, దానివల్ల లేజర్‌కు ఏ ఇబ్బందీ లేదు అని ఒక్కరు చెప్పి ఉంటే ఆ పిల్లలకు ఆ అవమానం ఉండేది కాదు. పది నిమిషాల పని అని చెప్పినవాళ్ళు ఈ నాలుగు వారాల సంగతి మాత్రం మింగేస్తారు.

ఇక మిగతావి. ముఖం ఎండకు నల్లబడి ఉంటే నెల రోజులైనా ఆగాలి, రోజూ సన్‌స్క్రీన్ రాయాలి. విజయవాడలో మే నెలలో స్కూటీ మీద తిరుగుతూ సిట్టింగుకు వెళ్ళడం అంటే మచ్చల్ని చేతులారా తెచ్చుకోవడమే. రాత్రిళ్ళు రాసుకునే ట్రెటినాయిన్ లాంటి క్రీములు కొన్ని రోజుల ముందే ఆపాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గాని, డాక్సీసైక్లిన్ గాని మింగుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. పెదవి మీద తరచూ నీటిపొక్కులు వచ్చేవాళ్ళకు ముందుగా వైరస్ మందు వేయాల్సి రావచ్చు. గర్భిణులు వాయిదా వేసుకోవడమే మంచిది. గడ్డం మీద పచ్చబొట్టు ఉంటే దాని మీద లేజర్ పడకూడదు, ఆ రంగు కూడా కాంతిని పీల్చుకుని కాలుతుంది. పుట్టుమచ్చల్ని కప్పాలి. కళ్ళకు కవచాలు లేకుండా కనుబొమల కింద లేజర్ పెట్టే చోట్ల కంటిపాప చుట్టూ ఉండే పొర దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కనుబొమల ఆకారం కోసం కళ్ళనే పణంగా పెడతారా?

నొప్పి లేదు, జాగ్రత్త అక్కర్లేదు అనే మాటను ఆడవాళ్ళ ముఖాల మీద ఇంతకు ముందూ ప్రయోగించారు. 1920లలో ఆల్బర్ట్ గైజర్ అనే న్యూయార్క్ డాక్టరు ట్రైకో అనే ఎక్స్‌రే యంత్రాన్ని అమెరికా బ్యూటీ పార్లర్లలో దింపాడు. కొన్ని సిట్టింగులకు వెంట్రుకలు రాలిపోయాయి, నొప్పి కూడా లేదు. కొన్నేళ్ళకు అదే ముఖాల మీద ముడతలు, మచ్చలు, మానని పుళ్ళు, కొందరికి క్యాన్సర్. 1930 ప్రాంతంలో వెంట్రుకలు రాల్చే కొరెమ్లు అనే క్రీము వచ్చింది. అందులో ఉన్నది థాలియం, ఎలుకల మందులో వాడిన విషం. లేజర్ ఎక్స్‌రే కాదు, దానివల్ల క్యాన్సర్ వస్తుందనేది వట్టి పుకారు. నా తగువు మిషనుతో కాదు, దాన్ని అమ్మే నోటితో. వందేళ్ళుగా ఆ నోరు మారలేదు.

సిట్టింగు అయిన తర్వాత ముఖం ఎర్రబడుతుంది, ప్రతి కుదురు చుట్టూ చిన్న వాపు లేస్తుంది. కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తగ్గిపోతుంది. ఆ రెండు రోజులూ చల్లటి గుడ్డ అద్దుకోవాలి. ఆవిరి, వేడినీళ్ళు, జిమ్, ఫేషియల్ ఏవీ వద్దు. బొబ్బ వస్తే గిల్లకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఒకటి నుంచి మూడు వారాల్లో కాలిన వెంట్రుకలు బయటికి వచ్చి రాలతాయి. అవి కొత్తగా మొలిచాయనుకుని మళ్ళీ దారం పెట్టిస్తారు చాలామంది. అవి వాటంతట అవే పోతాయని చెప్పే ఓపిక ప్యాకేజీ అమ్మినవాళ్ళకు ఉండదు.

మన పెళ్ళిళ్ళలో ఇంకో చిక్కుంది. పెళ్ళికూతుర్ని చేసేరోజు నలుగు పెడతారు. నూనె, పసుపు, సున్నిపిండి కలిపి ముత్తయిదువలు ఒకరి తర్వాత ఒకరు చెంపలూ గడ్డమూ రుద్దుతారు. కొత్తగా లేజర్ పడిన ముఖం మీద ఆ గరుకు పిండి రుద్దితే మన రంగు చర్మం ఊరుకోదు, రాపిడి తగిలిన చోటల్లా నల్లమచ్చ దిగుతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది, పెళ్ళి ఫోటోలు మాత్రం అంతకాలం ఆగవు. నలుగు మానమని నేను అనడం లేదు, ఆ వేడుకంటే నాకు ప్రాణం. మానవలసింది పెళ్ళివారంలో లేజర్.

ఇక ట్యూబు సంగతి. దీని మీద నాకున్న కోపం ఈ వ్యాసంలో పట్టదు. లేజర్ తర్వాత మంట తగ్గడానికి డాక్టరు తేలికపాటి స్టెరాయిడ్ క్రీము రెండు మూడు రోజులకు రాస్తారు. అందులో తప్పు లేదు. ఆ మూడు రోజుల్లో ముఖం నిగనిగలాడుతుంది. ఆ నిగనిగ చూసి మెడికల్ షాపుకు వెళ్ళి, చీటీ లేకుండానే అదే ట్యూబు మళ్ళీ కొంటారు. ఒకటి అయిపోతే ఇంకొకటి. చెల్లెలు రాస్తుంది, వదిన రాస్తుంది, పనిమనిషికి కూడా మిగిలింది ఇస్తారు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, పేరేదైనా నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు బయటపడతాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి, ఎండలో అడుగు పెడితే మంట. ఆపితే ఇంకా మండుతుంది కాబట్టి ఆపలేరు. అన్నిటికన్నా ఘోరం, ఆ స్టెరాయిడ్ వల్లనే ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. పోగొట్టుకోవాలని లేజర్‌కు వెళ్ళినవే ట్యూబుతో మళ్ళీ తెచ్చుకుంటున్నారు, మళ్ళీ ప్యాకేజీ కడుతున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ళ తరబడి మొత్తుకుంటోంది. అయినా మన ఊళ్ళలో ఆ ట్యూబు అడిగినవాళ్ళకల్లా దొరుకుతూనే ఉంది. ముందూ వెనకా ఏమీ అక్కర్లేదని చెప్పేవాళ్ళు ఈ వెనక సంగతి ఒక్కసారైనా చూశారా?

మా అమ్మమ్మలు పసుపు రాసుకుని హాయిగా ఉండేవాళ్ళు అనేవాళ్ళతో నాకు వాదన లేదు. అసలు ఆడవాళ్ళు వెంట్రుకలు ఎందుకు తీయించుకోవాలి అనేవాళ్ళతోనూ లేదు. వద్దనుకున్నవాళ్ళు వద్దనుకోవచ్చు.

అయితే గడ్డం కింద ముతక వెంట్రుకలు వస్తూ, నెలసరి తప్పుతూ ఉన్న అమ్మాయిని నేరుగా లేజర్ కుర్చీలో కూర్చోబెట్టడం నేరం. లోపల పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉండవచ్చు. హార్మోన్ల పరీక్షలు చేయించాలి, అవసరమైతే మందులు వాడాలి. ఆ మందుల ఫలితం వెంట్రుకల్లో కనిపించడానికే ఆరు నెలలు పడుతుంది. కారణం అలాగే ఉంటే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. హఠాత్తుగా గొంతు బొంగురుపోయి, వెంట్రుకలు వేగంగా పెరుగుతుంటే అది ముందు డాక్టరు చూడవలసిన లక్షణం. లేజర్ వల్లే చెంపల మీద, మెడ మీద నూగు ముదిరి కొత్తగా పెరిగే సమస్య ఒకటుంది. పరిశోధనల్లో అది 0.6 నుంచి 10 శాతం దాకా కనిపించింది. మనలాంటి చర్మం, పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ళలోనే అది ఎక్కువ. సంతకం పెట్టించుకునే కాగితంలో ఆ ముక్క ఉందో లేదో చూసుకోండి. యాభై దాటినవాళ్ళ గడ్డం మీద తెల్లవెంట్రుకలకు కూడా ప్యాకేజీ అంటగడుతున్నారు. తెల్లదాంట్లో మెలనిన్ లేదు, లేజర్ దాన్ని ఏమీ చేయలేదు. దానికి కరెంటుతో కుదురును చంపే ఎలెక్ట్రోలిసిస్ ఉంది. 1875లో చార్లెస్ మిచెల్ అనే కంటిడాక్టరు లోపలికి తిరిగిన కనురెప్ప వెంట్రుకల కోసం మొదలుపెట్టిన పద్ధతి అది, ఆయనదీ సెయింట్ లూయీయే. ఒక్కో వెంట్రుకనూ విడివిడిగా చేయాలి, చాలా సేపు పడుతుంది. అందుకే దాన్ని ఎవరూ ప్రకటించరు.

మరేం చేయాలంటే, ప్రతి క్లినిక్కూ మొదటి రోజే తెలుగులో ఒక కాగితం చేతికివ్వాలి. మీ చర్మం ఏ రకం, ఏ మిషను, ఎంత శక్తి, చెవి ముందు చిన్నచోట పరీక్షించి ఎన్నాళ్ళు ఆగుతారు, ముందు ఏం మానాలి, తర్వాత ఏం రాయాలి, మచ్చ వస్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి. దాన్ని ఎవరు అమలు చేయిస్తారో ప్రభుత్వం తేల్చాలి. అంతవరకు మనమే అడగాలి.

ముఖానికి సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు, మొత్తం ఆరు సిట్టింగులైనా కావాలి, ఎందుకంటే ఏ సిట్టింగులోనైనా ఎదిగే దశలో ఉన్న వెంట్రుకలే చస్తాయి. మాఘంలో పెళ్ళయితే జ్యేష్ఠంలోనే మొదలుపెట్టాలి, ఆఖరి సిట్టింగు పుష్యం మొదట్లోనే అయిపోవాలి. పెళ్ళి వచ్చే వారమే అయితే లేజర్ మాటే ఎత్తకుండా శుభ్రంగా షేవ్ చేసుకోండి. క్యాలెండర్ ముందు పెట్టి ఈ లెక్క వేసి చూపించని చోట అడ్వాన్సు కట్టకండి.