బొమ్మ చూసి ఆగకండి, సూత్రం మార్చి చూడండి

తపాలా బిళ్ళలు పోగుచేసేవారున్నారు. పాత నాణేలు దాచేవారున్నారు. తెల్లవారకముందే లేచి పిట్టలను గమనించేవారున్నారు. ఇవన్నీ హాబీలేనని అందరూ ఒప్పుకుంటారు. కాని "లెక్కలతో బొమ్మలు వేయడం నా హాబీ" అని ఏ విద్యార్థైనా అంటే పెద్దలు రెండు రకాలుగా మాట్లాడతారు. "బొమ్మలెందుకు, లెక్కలు చేసుకో" అంటారు కొందరు. "అది కంప్యూటరు వేసే బొమ్మ, అందులో నీ గొప్పేముంది?" అంటారు మరికొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. అయినా హైస్కూలు విద్యార్థికి ఇంతకంటే మంచి హాబీలు చాలా తక్కువని నా అభిప్రాయం. అయితే ఒక షరతు: ఎవరో వేసిన బొమ్మ చూసి ఆనందించి ఊరుకోకూడదు. దాని వెనకున్న సూత్రాన్ని మన చేత్తో మార్చి చూడాలి.

నేను చెబుతున్నది ఫ్రాక్టల్ బొమ్మల గురించి. ఎంత పెద్దది చేసి చూసినా ఇంకా ఇంకా కొత్త వివరాలు బయటపడే ఆకారాలివి. చాలావాటిలో చిన్న ముక్క మొత్తం బొమ్మనే పోలి ఉంటుంది. ఫ్రాక్టల్ అనే పేరు పెట్టింది బెన్వా మాండెల్‌బ్రాట్ అనే గణితజ్ఞుడు, 1975లో.

వర్గం చెయ్యి, కలుపు

ఇంత చిక్కు బొమ్మలకు చాలా పెద్ద సూత్రాలు కావాలనుకుంటున్నారా? అక్కర్లేదు. ఒక సంఖ్య ఎన్నుకోండి. సున్నాతో మొదలుపెట్టండి. వర్గం చేసి, మీరు ఎన్నుకున్న సంఖ్య కలపండి. వచ్చినదాన్ని మళ్ళీ వర్గం చేసి, అదే సంఖ్య కలపండి. అలా చేస్తూ పొండి.

మీ సంఖ్య 1 అయితే వరసగా 0, 1, 2, 5, 26, 677 వస్తాయి. పట్టపగ్గాలు లేకుండా పారిపోతోంది! మీ సంఖ్య −1 అయితే? 0, −1, 0, −1... గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. అంటే కొన్ని సంఖ్యలు పారిపోయేవి, కొన్ని చిక్కుకుపోయేవి. ఈ రెండింటి మధ్య సరిహద్దు ఎక్కడ? కుడివైపున ఆ సరిహద్దు సరిగ్గా 0.25 దగ్గరుంది. 0.25 తీసుకుంటే లెక్క 0.5కు దగ్గరవుతూ పోతుందే గాని దాన్ని దాటదు. అంతకంటే వెంట్రుకవాసి ఎక్కువైనా సరే, ఎప్పటికో ఒకప్పటికి పారిపోతుంది.

ఇదే లెక్కను ఒక సంఖ్యతో కాక గ్రాఫు మీది బిందువుతో చేస్తే గీత బదులు బొమ్మ వస్తుంది. బిందువుకు అడ్డం విలువ, నిలువు విలువ ఉంటాయి కదా! అడ్డం వర్గంలోంచి నిలువు వర్గం తీసివేసి, ఎన్నుకున్న బిందువు అడ్డం విలువ కలిపితే కొత్త అడ్డం వస్తుంది. అడ్డాన్ని నిలువుతో గుణించి, రెట్టింపు చేసి, ఎన్నుకున్న బిందువు నిలువు విలువ కలిపితే కొత్త నిలువు వస్తుంది. మూలబిందువు నుంచి 2 కంటే ఎక్కువ దూరం పోయిన బిందువు ఇక తిరిగి రాదు. చిక్కుకుపోయేవాటికి నలుపు వేస్తారు. పారిపోయేవాటికి ఎన్ని అడుగుల్లో పారిపోయాయో దాన్నిబట్టి రంగు వేస్తారు. ఆ నల్లని ఆకారమే మాండెల్‌బ్రాట్ సమితి.

ఇలాంటి లెక్కల సిద్ధాంతాన్ని ఫ్రాన్సులో గాస్తోన్ జూలియా, పియేర్ ఫాతూ 1918 ప్రాంతంలోనే తయారుచేశారు. కంప్యూటర్లు లేని రోజులు కాబట్టి ఆ బొమ్మల అసలు అందం వాళ్ళు చూడలేకపోయారు. 1978లో బ్రూక్స్, మాటెల్‌స్కీ అనే ఇద్దరు చుక్కలతో ఒక మోటు బొమ్మ అచ్చువేశారు. 1980లో మాండెల్‌బ్రాట్ ఐ.బి.ఎం. కంప్యూటర్ల మీద దాన్ని వివరంగా పరిశీలించాడు. 1985 ఆగస్టులో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో డ్యూడ్నీ తన శీర్షికలో ఈ బొమ్మలు వేసే పద్ధతి వివరించాడు. దాంతో ఎందరో తమ ఇళ్ళల్లోని చిన్న కంప్యూటర్లతో వాటిని వేయడం మొదలుపెట్టారు. ఒక్కో బొమ్మకు గంటలకొద్దీ కాచుకొని కూర్చునేవారు.

చిన్న మార్పు, కొత్త లోకం

అసలు మజా ఇక్కడే ఉంది. 1992లో మికెలిచ్, రోస్లర్ అనే ఇద్దరు ఆ సూత్రంలో ఒక్క మార్పు చేశారు. వర్గం చేసేముందు అడ్డం, నిలువు విలువల రుణ గుర్తులు తీసేశారు. అంతే! గుండ్రని ఆకారం పోయి, మంటల్లో కాలుతున్న ఓడలాంటి బొమ్మ వచ్చింది. దాని పేరు కూడా 'కాలుతున్న ఓడ' అనే అర్థంలోనే స్థిరపడింది. 2009లో డేనియల్ వైట్, పాల్ నైలాండర్ కలిసి మూడు కొలతల్లో ఇలాంటి ఆకారం సాధించారు. దాన్ని మాండెల్‌బల్బ్ అంటారు. వీరిలో వైట్ ఇంగ్లండుకు చెందిన ఔత్సాహికుడు, హాబీగా బొమ్మలు వేసినవాడు.

రుణ గుర్తు తీసేయడం మీరు ఏడో తరగతిలో చేసే పనే. వర్గానికి బదులు ఘనం చేస్తే ఏమవుతుంది? కలిపేదాన్ని ప్రతి అడుగులోనూ కొంచెం మారుస్తూ పోతే? ఈ ప్రశ్నలకు జవాబు గైడులో దొరకదు. చేసి చూడవలసిందే.

"పరీక్షలో వస్తుందా?"

రాదు. ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. కాని పరీక్షలో రానివన్నీ పనికిరానివేనా? 1991లో అమెరికాలో డేవ్ బోల్ అనే విద్యార్థి ఏం చేశాడో వినండి. మాండెల్‌బ్రాట్ సమితిలో పెద్ద ముద్దకూ, దాని పక్కనున్న వృత్తానికీ మధ్య −0.75 దగ్గర సన్నని మెడ ఉంటుంది. ఆ మెడ వెడల్పు నిజంగా సున్నాయేనా అని అతనికి సందేహం వచ్చింది. ఆ చోటు నుంచి నిట్టనిలువుగా 0.1 పైకి జరిగి, ఎన్ని అడుగుల్లో బిందువు పారిపోతుందో లెక్కపెట్టాడు. 33 అడుగులు. 0.01 జరిగితే 315. 0.001 జరిగితే 3143. అడుగుల సంఖ్యను జరిగిన దూరంతో గుణించండి: 3.3, 3.15, 3.143. వృత్తాల పాఠంలో కనిపించే పై ఇక్కడికెలా వచ్చింది? బోల్ కూడా ఆశ్చర్యపోయాడు. సందేహం మెడ గురించి, దొరికింది పై! 2001లో ఆరన్ క్లెబనాఫ్ ఈ ఫలితానికి రుజువు ప్రచురించాడు.

ఇలాంటిదే 0.25 దగ్గర కూడా జరుగుతుంది. దాన్ని మీరే పరీక్షించవచ్చు. కాలిక్యులేటరు తీసుకొని, 0.26తో మన మొదటి లెక్క చేయండి. సరిగ్గా 30వ అడుగులో 2 దాటుతుంది. 0.25 కంటే 0.01 ఎక్కువ తీసుకున్నాం కదా, దాని వర్గమూలం 0.1. దాన్ని 30తో గుణిస్తే 3. కంప్యూటరు మీద 0.2501 తీసుకుంటే 312 అడుగులు పడుతుంది. 0.0001కి వర్గమూలం 0.01 కాబట్టి, గుణిస్తే 3.12. ఇంకా దగ్గరికి జరిగి 0.250001 తీసుకుంటే 3140 అడుగులు, అప్పుడు 3.140. ఈ ముప్పై వర్గాలూ స్వయంగా చేసిన విద్యార్థికి 'పై' ఇక పుస్తకంలో అచ్చేసిన గుర్తు మాత్రమే కాదు. దారిలో ఎదురైన మనిషి!

"బొమ్మ రుజువవుతుందా?"

ఇది రెండో ఆక్షేపణ. కాదు, బొమ్మ ఎన్నటికీ రుజువు కాదు. మాండెల్‌బ్రాట్ వేసిన తొలి బొమ్మల్లో పెద్ద ఆకారం చుట్టూ దుమ్ముకణాల్లా చిన్న ముక్కలు కనిపించాయి. వాటిని చూసి, ఈ సమితి ఒకే ముక్క కాదు, విడివిడి ముక్కలని అతను మొదట ఊహించాడు. 1982లో అద్రియెన్ దూవాడీ, జాన్ హబ్బర్డ్ అదంతా ఒకటే ముక్కని రుజువు చేశారు. ఆ దుమ్ముకణాలను పెద్ద ఆకారంతో కలిపే దారాలున్నాయి. అవి ఎంతో సన్నం కావడం వల్ల కంప్యూటరు బొమ్మలో పడలేదు!

దీన్నిబట్టి బొమ్మలు వద్దని అనుకోవాలా? బొమ్మ లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు కదా! ప్రశ్న పుట్టించడం బొమ్మ పని, తీర్పు చెప్పడం రుజువు పని. మన క్లాసుల్లో తీర్పులు మాత్రమే నేర్పుతున్నాం, ప్రశ్న పుట్టిన చోటు చూపించడం లేదు. లెక్కలంటే ఎవరో ఎప్పుడో ముగించేసిన పని అని విద్యార్థులు అనుకోవడానికి ఇదే కారణమని నాకనిపిస్తుంది. నిజానికి ఈ సమితి గురించే ఇంకా రుజువు కాని సంగతులున్నాయి.

నా అసలు బాధ మరొకటి. ఒకప్పుడు గంటలు పట్టిన బొమ్మను ఇవాళ సెల్‌ఫోను క్షణాల్లో వేస్తుంది. మంచిదే. కాని సైన్సు ప్రదర్శనకు రంగుల ఫ్రాక్టల్ ఒకటి అచ్చుతీసి అట్టకు అంటించి, పక్కన నిలబడి "చాలా అందంగా ఉంది" అని మాత్రం చెబితే అది తపాలా బిళ్ళ అంటించినట్టే. ఆ బొమ్మ ఏ సూత్రంతో వచ్చింది, ఎన్ని అడుగుల తర్వాత లెక్క ఆపారు, ఆ సంఖ్య మారిస్తే ఏమైంది? ఈ మూడూ చెప్పగలిగితేనే ఆ బొమ్మ మీదవుతుంది.

ఎలా మొదలుపెట్టాలి?

కంప్యూటరు లేకపోయినా దిగులు వద్దు. గ్రాఫు కాగితం, పెన్సిలు చాలు. తెలుగు క్లాసులో గురు లఘువులు నేర్చుకుంటారు కదా! ఆ గురు లఘువుల కూర్పులను లెక్కించడానికి పదో శతాబ్దంలో హలాయుధుడు వివరించినదే మేరు ప్రస్తారం. లెక్కల పుస్తకాల్లో దాన్ని పాస్కల్ త్రిభుజం అంటారు. ప్రతి గడిలోనూ పైనున్న రెండు సంఖ్యల మొత్తం రాస్తూ 16 వరసలు నింపండి. బేసి సంఖ్యల గడులకు నలుపు వేయండి. 136 గడుల్లో 81 నల్లబడతాయి. త్రిభుజాల్లో త్రిభుజాలు, వాటిలో మళ్ళీ త్రిభుజాలు కనిపిస్తాయి. ఇప్పుడు సూత్రం మార్చండి: 3తో భాగించబడని సంఖ్యలకు నలుపు వేయండి. బొమ్మ ఎలా మారిందో నేను చెప్పను.

ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ప్రతి బొమ్మ కిందా సూత్రమూ తేదీ రాయండి. బాగా రాని బొమ్మలను కూడా ఉంచండి. స్కూల్లో కంప్యూటర్లుంటే స్ప్రెడ్‌షీటులో ఒక నిలువు వరసతో మొదటి లెక్క చేయవచ్చు. ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: వారానికి ఒక్క పీరియడు, మార్కులు లేకుండా, దీనికి వదలండి. ఆ పీరియడులో జవాబు ముందే తెలిసినవారు గదిలో ఎవరూ ఉండరు, మీతో సహా. లెక్కల గదిలో అలాంటి గంట ఒకటి ఉండితీరాలి.