రాత్రి రాసినది తెల్లారేసరికి చెరిగిపోతే

ఇటీవల మా ఇంటి కంప్యూటర్ మాకొక పాఠం నేర్పింది. పిల్లల చదువు కోసం ఉంచిన ఆ పాత యంత్రంలో ఉబుంటు లైనక్స్ వేయించాం. పాఠం కోసం వెదికే పిల్లల కంట అశ్లీల దృశ్యాలు పడకూడదని, అటువంటి సైట్లను అడ్డుకునే డీఎన్ఎస్ చిరునామాను అందులో రాశాం. ఆ రాత్రి అంతా సవ్యంగానే ఉంది. మర్నాడు చూస్తే ఆ చిరునామా లేదు. మళ్లీ రాశాం, మళ్లీ పోయింది. మూడోనాడు పెద్దబ్బాయిని నిలదీశాం. "నేను ముట్టుకోలేదు, అబ్బాజాన్" అన్నాడు వాడు. మేము నమ్మలేదు.

నిజానికి వాడు చెప్పిందే సత్యం.

సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పే సేవే డీఎన్ఎస్. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 ఏప్రిల్‌లో కుటుంబాల కోసం ప్రారంభించిన 1.1.1.3 అనే సేవ, హానికరమైన సైట్లకూ అశ్లీల సైట్లకూ సరైన చిరునామా చెప్పదు. దానినే మేము 'రిజాల్వ్ డాట్ కాన్ఫ్' అనే ఫైల్‌లో రాశాం. పొరపాటు అక్కడే జరిగింది. నేటి ఉబుంటులో అది స్థిరమైన ఫైల్ కాదు, వేరొక ఫైల్‌కు దారి చూపే లంకె మాత్రమే. ఆ అసలు ఫైల్ తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. కంప్యూటర్ ఆపగానే చెరిగిపోతుంది, తెరవగానే 'సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ' అనే సేవ దానిని కొత్తగా రాస్తుంది. వైఫై కలిసిన ప్రతిసారీ రౌటర్ ఇచ్చే డీఎన్ఎస్ చిరునామాను 'నెట్‌వర్క్ మేనేజర్' ఆ సేవకు అందిస్తుంది. దీనిని మార్చవద్దని ఆ ఫైల్ పైవరుసల్లోనే ఆంగ్లంలో రాసి ఉంది. మేమే చదవకుండా దాటేశాం.

ఆ ఫైల్‌ను ఎవరూ మార్చలేకుండా తాళం వేయమని కొందరు సలహా ఇస్తారు. అది సరైన మార్గం కాదు. రేపు మరొక నెట్‌వర్క్‌కు కలిసినప్పుడు ఆ తాళమే చిక్కులు తెచ్చిపెట్టవచ్చు.

చేయవలసింది ఇది. సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, మీ కనెక్షన్ పక్కనున్న చక్రం గుర్తును నొక్కండి. ఐపీవీ4 విభాగంలో డీఎన్ఎస్ ఎదురుగా ఉన్న 'ఆటోమేటిక్' మీటను ఆపి, 1.1.1.3, 1.0.0.3 అని రాయండి. ఐపీవీ6 విభాగంలోనూ ఆ మీటను ఆపి, 2606:4700:4700::1113 అని రాయండి. దీనిని మరచిపోతే రౌటర్ ఇచ్చే చిరునామా ఆ దారిన మళ్లీ ప్రవేశించవచ్చు. 'అప్లై' నొక్కి, వైఫైని ఒకసారి ఆపి మళ్లీ కలపండి. కంప్యూటర్‌ను ఆపి తెరిచిన తరువాత కూడా అవే అంకెలు నిలిచి ఉంటే పని పూర్తయినట్లే.

ఒక్క విషయం గమనించాలి. ఈ అమరిక ఆ ఒక్క కనెక్షన్‌కే వర్తిస్తుంది. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపితే దానికి విడిగా రాయాలి. బ్రౌజర్‌లో 'సెక్యూర్ డీఎన్ఎస్' వేరొక సేవకు అమర్చి ఉంటే, మన అమరికను అది పట్టించుకోదు. కనుక దానినీ చూసుకోవాలి. వీలైతే ఈ చిరునామాలను రౌటర్‌లోనే రాయడం మేలు, ఇంటి వైఫైపై నడిచే ఫోన్లకూ ఆ రక్షణ అందుతుంది. అయినా ఏ జల్లెడా అన్నిటినీ ఆపలేదు. పిల్లలతో మనసు విప్పి మాట్లాడే అలవాటు ఇంట్లో ఉండి తీరాలి.

ఆ మాటలకు చోటుండాలంటే ముందు నమ్మకం ఉండాలి. కారణం తెలిసిన సాయంత్రమే పెద్దబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని, తప్పు మాదేనని చెప్పి మన్నించమని అడిగాం. ఆ అంకెలను వాడిచేతనే రాయించాం. అవి నేటికీ చెరగలేదు. యంత్రం చేసిన పనికి బిడ్డను దోషిగా నిలబెట్టే ముందు, ఆ యంత్రం తన పైవరుసలో ఏమి రాసుకుందో ఒకసారి చదువుదాం.