పాటను ప్రేమించుదము, పాటను పరీక్షించుదము



ఈ నెల మాకు అందిన ఉత్తరములలో ఒకటి మమ్ములను చాలా ఆలోచింపజేసింది. వనపర్తి దగ్గరి ఒక పల్లె నుండి ఒక యౌవన సహోదరుడు వ్రాసినది. అతనికి క్రైస్తవ పాటలంటే ప్రాణము. ముఖ్యముగా ఒక గాయకుని పాటలు. ఆయన పాడిన పాట ఏది వచ్చినా మొదటి రోజే నేర్చుకొని, ఆదివారమునకు తబలా వాయించే తమ్మునితో సాధన చేసి, మందిరములో పాడతాడు. ఆయన కూటము గద్వాలలో పెట్టినా నాగర్‌కర్నూలులో పెట్టినా బస్సు పట్టుకొని పోతాడు.

అయితే ఈ మధ్య అతని నాయన మంచము పట్టాడు. పొలము పనులకు పోలేడు. ఇంటిలో ఫోనులో ఎప్పుడూ ఆ గాయకుని పాటే మ్రోగుతూ ఉంటుంది. అందులో ఒక పాటలో, నమ్మినవానికి రోగము రాదు, నష్టము రాదు అనే భావము గల చరణము ఉన్నదట. ఒక సాయంత్రము నాయన ఆ పాట విని, "నా విశ్వాసమే తక్కువున్నట్టున్నది కొడుకా" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడట. ఆ మాట ఈ తమ్ముని గుండెలో ముల్లు వలె గుచ్చుకున్నది. యౌవనుల కూటములో లేచి, "ఈ చరణము వాక్యమునకు సరిపోతుందా?" అని అడిగాడు. "దైవజనుల పాటకే వంకలు పెడుతున్నవా? నీలో గర్వమున్నది" అని పెద్దలు కూర్చోబెట్టారు. స్నేహితులు మాటలు తగ్గించారు. అతడు మమ్ములను ఇలాగు అడుగుచున్నాడు: "అయ్యగారూ, నేను ఆయన పాటలను ఇప్పటికీ ప్రేమిస్తున్నాను. ప్రేమించినవాడు అడుగకూడదా? అడిగినవాడు ప్రేమించనట్టేనా?"

తమ్ముడా, నీ ప్రశ్న నీ ఒక్కనిది కాదు. అందుకే ఈ పుట అంతా దానికే ఇస్తున్నాము.

ముందుగా మన ఇంటి సంగతి చూద్దాము. పాలమూరు సంఘాలలో అనేకము మెనోనైట్ బ్రదరన్ మిషను సేవ వలన పుట్టినవి. నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతములలో వారు స్వయముగా పని ప్రారంభించారు. మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రములు 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుండి వారి చేతికి వచ్చాయి. ఈ సంఘ శాఖ 1860లో దక్షిణ రష్యాలో, అనగా నేటి ఉక్రెయిన్ దేశములో, రైతు కుటుంబాల మధ్య పుట్టింది. రక్షణానందము పొందిన ఆ తొలి విశ్వాసులలో కొందరు పాటలో, వాయిద్యములో, గంతులు వేయుటలో హద్దు మీరిపోయారు. డప్పు మ్రోత మిన్నంటింది. ఇది మితిమీరుచున్నది అని అడిగినవారిని ఆత్మ లేనివారన్నారు. కొందరిని సంఘములో నుండి వెలివేశారు కూడా. చివరకు 1865 జూన్ నెలలో సహోదరులు కూడి, ప్రార్థించి, తప్పు ఒప్పుకున్నారు. డప్పు ఆపారు. వాయిద్యము చెవికి ఇంపుగా ఉండాలన్నారు. వెలివేసినవారిని తిరిగి చేర్చుకున్నారు. కాని ఆనందమును మాత్రము నిషేధించలేదు. పాటను పారవేయక పాటను సరిచేసుకున్నారు. ఆనాడు అడిగినవారు లేకపోతే ఆ సంఘము నిలిచేదా? నిలువని సంఘము మన పాలమూరు దాకా సువార్తను ఎలా పంపగలదు?

కాబట్టి అడుగుట మన పితరులకు క్రొత్త కాదు.

ఇక మనము నేడు గౌరవముతో చేతబట్టుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము సంగతి చూడండి. అందులో అనేక కీర్తనలు పురుషోత్తమ చౌదరిగారివి. ఆయన 1803లో బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునొద్దకు వెళ్లారు. ఆయన కీర్తనలకు మన దేశపు రాగములు, తాళములు, పల్లవి, అనుపల్లవి, చరణములు ఉన్నాయి. కీర్తనపైన రాగము, తాళము అచ్చువేసిన పుస్తకమది. పాడేవాడు ఇష్టమొచ్చినట్టు లాగకుండా ఆ రెండు మాటలు కాపలా కాస్తాయి. పాటను ప్రేమించినవారే దానికి కొలత కూడా పెట్టారన్నమాట.

ఇంగ్లాండులో ఐజాక్ వాట్స్ యౌవనుడుగా ఉన్నప్పుడు తమ సంఘములో పాడే పాటలు సారము లేకుండా ఉన్నాయని విసుగుకున్నాడట. "అయితే నీవు వీటికంటే మంచివి వ్రాయి" అని తండ్రి అన్నాడని చెబుతారు. అతడు వ్రాశాడు. 1707లో వెలువడిన అతని పాటల పుస్తకములోని కీర్తనలు నేటికీ లోకమంతట పాడుచున్నారు. ఆ తండ్రి కుమారుని నోరు మూయించలేదు, పని అప్పగించాడు. మన సంఘ పెద్దలు ఇది గమనించాలని మనవి.

ఇంకా వెనుకకు పోతే, హిప్పో పట్టణపు బిషప్ అయిన ఆగస్టీను సుమారు 1600 ఏండ్ల క్రితము తన ఒప్పుకోలు గ్రంథములో ఈ సంగతినే వ్రాసుకున్నాడు. క్రొత్తగా విశ్వసించిన దినములలో సంఘపు పాటలు విని కన్నీరు కార్చినవాడు ఆయన. అయినా, పాటలోని సంగతికంటే పాడే విధానమే తనను ఎక్కువగా కదిలించినప్పుడు అది తన తప్పు అని దేవుని యెదుట ఒప్పుకున్నాడు. అలాగని పాటను మానమనలేదు. పాట బలహీనులను లేవనెత్తుతుందని ఒప్పుకున్నాడు. ఆయన పరీక్షించినది గాయకుని కాదు, ముందు తన హృదయమును. అభిమానికి మొదటి పరీక్ష అక్కడే మొదలవ్వాలి.

వాక్యము ఏమి చెబుతున్నది? మందసమును తెచ్చిన దినమున లేవీయుడైన కెనన్యా పాటలో ప్రవీణుడు గనుక ఇతరులకు నేర్పించాడని మొదటి దినవృత్తాంతములు 15లో చదువుతాము. నేర్పించుట అంటే తప్పు చూపుట కూడా కదా! మొదటి కొరింథీయులకు 14లో అపొస్తలుడైన పౌలు ఆత్మతో పాడుట, మనస్సుతో పాడుట రెండింటినీ ఒకచోట పెట్టాడు. బెరయవారు పౌలు బోధను సహితము లేఖనములతో పోల్చి చూశారు. దానికి వారిని గర్విష్ఠులు అనలేదు, ఘనులు అన్నారు. పౌలు బోధనే పరీక్షించవచ్చునంటే మన కాలపు పాట పరీక్షకు అతీతమా?

మన గద్వాల, వనపర్తి సంస్థానములు పండితులను పోషించిన చోట్లు. పెద్దలు గద్వాలను 'విద్వద్గద్వాల' అనేవారు. తిరుపతి వేంకట కవుల వంటి అవధానులు ఈ సంస్థానములకు వచ్చారు. అవధానములో పృచ్ఛకుడు చిక్కు ప్రశ్న వేస్తాడు. అతడు కవికి శత్రువు కాడు. కవిత్వము మీద ప్రేమ లేనివాడు అక్కడ కూర్చోడు. అలాగే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో పిల్లలను నోరార మెచ్చుకొని, వెంటనే ఏ అక్షరము తప్పు పలికారో చెప్పేవారు. ఆ పిల్లలు చిన్నబోలేదు, నేర్చుకున్నారు. లోకములోని పాటకే ఇంత శ్రద్ధ ఉంటే దేవుని సన్నిధిలో పాడే పాటకు ఎంత ఉండాలి!

అయితే, ప్రియులారా, మా తప్పును కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. యౌవనములో మాకు తాళజ్ఞానము కొంచెము అబ్బింది. ఒక ఆదివారము మందిరములో ఒక వృద్ధురాలైన తల్లి కీర్తన ఎత్తుకున్నది. శ్రుతి తప్పింది, తాళము తప్పింది. మేము హార్మోనియము ఆపి, అందరి యెదుట, "అమ్మా, అది అట్లా కాదు" అని సరిచేశాము. మేము చెప్పినది నిజమే. కాని ఆ తల్లి ఆ తరువాత ఎన్నడూ మందిరములో పాట ఎత్తుకోలేదు. కొన్ని సంవత్సరములకు ఆమె సమాధి కార్యక్రమములో అదే కీర్తన పాడుతూ మేము తలెత్తలేకపోయాము. నిజము చెప్పితిమి గాని ప్రేమతో చెప్పలేదు. తాళము నిలిచింది, ఒక స్వరము ఆగిపోయింది. పొగిడేవాడు మాత్రమే కాదు, సరిదిద్దేవాడు కూడా సంఘమునకు హాని చేయగలడు.

అందుచేత పాటను పరీక్షించే విధము గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదటిది, రాగము తీసివేసి మాటలు మాత్రము చదవండి. రాగము తియ్యగా ఉంటే మాటలోని చేదు నాలుకకు తెలియదు. ఇంటిలో ఒకరు చరణము చదవగా మరియొకరు బైబిలు తెరిచి చూడండి.

రెండవది, ఆ పాటను రోగి మంచము దగ్గర, అప్పుల్లో ఉన్న రైతు ఇంటిలో, బిడ్డను పోగొట్టుకున్న తల్లి యెదుట పాడగలమా అని అడగండి. కీర్తనల గ్రంథము ఇటువంటి వారిని మరచిపోలేదు. 73వ కీర్తనలో ఆసాపు తన కాలు జారబోయినదని దాచకుండా చెప్పాడు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అదియు దేవుని ప్రజల పాటే.

మూడవది, పాట విన్న తరువాత మన నోట ఎవరి పేరు నిలిచినది? ప్రభువు పేరా, గాయకుని పేరా? సంఘమంతా కలిసి పాడగలిగేదా, లేక ఒక్కరు పాడుతుండగా మిగిలినవారు చూచుటకేనా?

నాల్గవది, న్యాయముగా ఉండండి. పాట ప్రసంగము కాదు. కవి ఉపమానముగా చెప్పినదానిని నిందగా పట్టుకోకూడదు. 91వ కీర్తనలో కూడా గొప్ప కాపుదల వాగ్దానములున్నవి. అవి సత్యము. కాని మత్తయి 4లో సాతాను ఆ మాటలనే తప్పుగా వాడి ప్రభువును శోధించాడు. వాగ్దానము పాడుట తప్పు కాదు, వాగ్దానముతో నలిగినవానిని కొట్టుట తప్పు. పాత కీర్తనలే మంచివి, క్రొత్తవన్నీ చెడ్డవి అని కూడా అనకండి. చౌదరిగారి కీర్తన కూడా ఒకనాడు క్రొత్త పాటే.

లోపము కనబడితే మత్తయి 18లో ప్రభువు చూపిన దారి ఉన్నది. సభలో కాదు, ముందు ఒంటరిగా. ఆ గాయకునికే వినయముగా ఒక ఉత్తరము వ్రాయవచ్చును. ఆయన పాట వలన పొందిన మేలు ముందు వ్రాయి. తరువాత ఆ ఒక్క చరణము గూర్చి, మీ నాయన అన్న మాట గూర్చి వ్రాయి. ఆయన జవాబు వినుటకు సిద్ధముగా ఉండు. నీవు అర్థము చేసుకొన్నది తప్పు అయితే ఒప్పుకో. ఆయన పాట సరిచేయకపోతే ఆ చరణము నీవు పాడకు, మిగిలిన మంచి పాటలను మానకు. ఒక్క చరణము తప్పితే మనిషినంతా కాదనుట న్యాయము కాదు. మనిషి మీద గౌరవము కొద్దీ చరణము తప్పును ఒప్పు అనుట నమ్మకత్వము కాదు.

సంఘ పెద్దలకు ఒక మాట. అడిగిన పిల్లవానిని కూర్చోబెట్టకండి, మీ ప్రక్కన కూర్చోబెట్టుకోండి. నేడు ఫోనులో వారానికి ఎన్నో పాటలు ఇంటికి వచ్చి చేరుతున్నవి. వాటిని వడకట్టేది ఎవరు? ఇటువంటి పిల్లలే కదా. గాయక బృందము క్రొత్త పాట నేర్చుకొనే ముందు పాస్టరుగారితో కూర్చొని మాటలు చదివే అలవాటు ప్రతి సంఘములో ఉంటే మేలు.

చివరగా, తమ్ముడా, నీ ఉత్తరములో అందరికంటె ముఖ్యుడు నీ నాయన. యౌవనుల కూటములో నీవు గెలిచినా ఓడినా, ఆయన ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నాడేమో! ముందు ఆయన దగ్గరకు పో. పౌలు శరీరములో ముల్లు తీసివేయబడలేదని చెప్పు. ఎపఫ్రొదితు చావునకు దగ్గరయ్యేంత రోగి అయ్యాడనీ, త్రోఫిమును పౌలు మిలేతులో రోగిగానే విడిచి రావలసి వచ్చిందనీ, తిమోతికి తరచుగా జబ్బు చేసేదనీ చదివి వినిపించు. వీరిలో ఎవరినీ పౌలు విశ్వాసము తక్కువైనవాడని అనలేదు. స్వస్థత కొరకు ప్రార్థించు, డాక్టరుకు చూపించు, మందులు వేళకు ఇయ్యి. తరువాత ఆయనకు చిన్ననాటి నుండి ఇష్టమైన కీర్తన ఏదో అడిగి, మైకు లేకుండా, తబలా లేకుండా, ఆయన చెయ్యి పట్టుకొని మెల్లగా పాడు. శ్రుతి తప్పినా ఫరవాలేదు.

పాఠకులారా, ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక సాయంత్రము, మీ ఇంటిలో అందరికి ఇష్టమైన ఒక పాటను తీసికొని, పాడక ముందు చదవండి. చదివిన తరువాత హృదయపూర్వకముగా పాడండి. మీకు కలిగిన ఆలోచనలను మాకు వ్రాయండి. ఈ సహోదరుని తండ్రి కొరకు ప్రార్థించుట మరువకండి.

ప్రభువు కృప మీ అందరికి తోడైయుండును గాక. ఆమేన్.