రీబై ఉన్నవాడి మెరిట్

పోకర్ ఆడేవాళ్ల దగ్గర ఒక నిజాయితీ గల మాట ఉంది: వేరియన్స్. సరిగ్గా ఆడినా ఓడిపోవచ్చు, తప్పుగా ఆడినా గెలవచ్చు, అది ఇవాళ ఒక్కరోజే కాదు, నెలల తరబడి సాగొచ్చు అని దాని అర్థం. ఎవరికి ఆట వచ్చో తేలాలంటే వేల పంపకాలు కావాలి. మెరిట్ గురించి మనకు క్లాసు పీకేవాళ్ల నోట ఈ మాట ఎందుకు రాదన్నదే ఈ వారం నా గొడవ.

మొన్న సెలవుల్లో పణజిలో, మాండవి నది మీద ఓడలో నడిచే ఒక కాసినోలో, మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఉన్నాను. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాళ్లకు ఆ ఆటగదుల్లోకి ప్రవేశం లేదు. సొంత జనానికి చెడ్డదనిపించింది బయటివాళ్లకు పరవాలేదట, అది వేరే కథ. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే నా ఇంటర్ స్నేహితుడు తీసుకెళ్లాడు. ఇరవై వేల చిప్పులు నా ముందు పెట్టి, "పోతే నావి, వస్తే చెరిసగం. కూర్చోరా" అన్నాడు.

బల్ల మీద సగం తెలుగే వినిపించింది. మనిషికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. నువ్వు ఆడకపోయినా నీ వంతు వచ్చినప్పుడల్లా బ్లైండ్ కట్టాలి. గెలిచిన ప్రతి కుప్పలోంచీ కాసినో తన వాటా తీసుకుంటుంది. అంటే ఊరికే కూర్చున్నా డబ్బు కరుగుతూనే ఉంటుంది, అశోక్‌నగర్‌లో రూము అద్దెలాగ.

రెండో గంటలో నాకు రెండు ఆసులు వచ్చాయి. అంతకంటే మంచి ముక్కలు ఆ ఆటలో లేవు. ఎదుటాయన హైదరాబాద్ రియల్ ఎస్టేట్ మనిషి. ఆయన చేతిలో రెండు రాజులు. ఇద్దరం ఉన్నదంతా తోశాం. లెక్క ప్రకారం ఐదింట నాలుగుసార్లు నేనే గెలవాలి. నాలుగో ముక్కగా మూడో రాజు పడింది. "సార్, మీరు కరెక్టుగనే ఆడిండ్రు. లక్కు లేదంతే" అన్నాడాయన మర్యాదగా. నిజమే చెప్పాడు. కానీ అప్పటికే ఆయన మూడుసార్లు మొత్తం పోగొట్టుకుని, మూడుసార్లూ మళ్లీ చిప్పులు తెప్పించుకున్నాడు. దాన్నే రీబై అంటారు. నా ఆట అక్కడితో సరి. మిగతా రాత్రంతా వెనక కుర్చీలో కూర్చుని చూశాను.

లైవ్ బల్ల మీద గంటకు పాతిక, ముప్పై పంపకాలకు మించి జరగవు. పది గంటలు కూర్చుంటే మూడు వందలు. అది నైపుణ్యాన్ని తేల్చడానికి చాలదు. అందుకే ఒక్కసారి పెట్టే డబ్బుకు ఇరవై, ముప్పై రెట్లు పక్కన లేకుండా బల్ల దగ్గరికి రావద్దంటారు అనుభవజ్ఞులు. ఆట వచ్చినంత మాత్రాన చాలదు, అది వచ్చని రుజువయ్యేదాకా బతికి ఉండాలి.

మన దేశంలో పేకాటకు "నైపుణ్యం" అనే గౌరవం ఎక్కడ దక్కిందో తెలుసా? సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో. 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యం ఉందంది. మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమంది. న్యాయమూర్తుల తర్కాన్ని నేను తప్పుపట్టను. కానీ రమ్మీ క్లబ్బులో కూర్చుంది, కోతముక్క మామిడితోటలో మిగిలింది. పేపర్లో "శిబిరంపై దాడి" అని ఫొటో పడేది తోటలో వాళ్లదే.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట. భారతంలో ధర్మరాజు అన్నీ ఓడాక ధృతరాష్ట్రుడు రాజ్యం మొత్తం తిరిగిచ్చాడు. ఆ తర్వాతే రెండో జూదం, వనవాసం. అంటే ఆయనకూ రీబై దొరికింది. క్లాసులో ఇది చెబితే పిల్లలు నవ్వుతారు, తర్వాత ఆలోచిస్తారు.

ఇప్పుడు గ్రూప్-1కి రండి. తెలంగాణలో 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, హైకోర్టు రద్దు చేసింది. తర్వాత పాత నోటిఫికేషనే పోయింది, కొత్తది వచ్చింది, 2024 జూన్‌లో మూడో ప్రిలిమ్స్. చిక్కడపల్లి లైబ్రరీలో చదివిన పిల్లలు ఆసులు పట్టుకునే కూర్చున్నారు. మూడోసారి దాకా ఎవరు ఆగగలిగారు? ఊళ్లో పొలమో, నెలనెలా డబ్బు పంపే నాన్నో ఉన్నవాళ్లు. వెళ్లిపోయినవాళ్లు డెలివరీ బండ్ల మీదో, ప్రైవేటు బడుల్లోనో ఉన్నారు. వాళ్లు ఫెయిలైనవాళ్లు కారు, బల్ల మీద నుంచి లేచిపోయినవాళ్లు.

"సివిల్స్‌లో మీకు 37 ఏళ్ల దాకా ఎన్ని అటెంప్టులైనా ఉన్నాయిగా, జనరల్ వాళ్లకు ఆరే" అంటారు. ఉన్నాయి. రూలు కుర్చీ ఇచ్చింది, చిప్పులు ఇవ్వలేదు. ఆరు అటెంప్టులకూ ఇంట్లోంచి ఖర్చు వచ్చేవాడికీ, రెండోదానికే చెల్లెలి పెళ్లి అడ్డొచ్చేవాడికీ రూల్ బుక్కులో తేడా కనపడదు.

అందుకే విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నోటిఫికేషన్లు అడుగుతున్నారు, అడగండి. దానితోపాటు ఇంకొకటి కూడా రాయించండి: నిర్వహించేవాళ్ల తప్పు వల్ల పరీక్ష రద్దయితే, మళ్లీ జరిగేదాకా ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు నెలనెలా హాస్టలు, మెస్సు ఖర్చు ఆ కమిషనే భరించాలి. డ్రాఫ్టు నా దగ్గర ఉంది, మీ జిల్లా కమిటీలో చర్చించి మార్పులు చెప్పండి.

జై భీమ్.