గోడ మీద సర్టిఫికెట్ - కౌంటర్ దగ్గర ఎవరు?



మన ఊళ్లలో జ్వరమొచ్చినా, ఒళ్లునొప్పులొచ్చినా ముందు వెళ్లేది మందుల షాపుకే. డాక్టరు ఫీజు, బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి లెక్కేసుకుంటే పేదవాడికి మిగిలేది ఆ దారే. అందుకే ఆ కౌంటర్ వెనుక నిలబడేది ఎవరన్నది మన ఇళ్లకు సంబంధించిన ప్రశ్న.

ఎన్నో షాపుల్లో గోడ మీద ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఉంటుంది, ఫార్మసిస్టు ఉండడు. నెలకింత అని మాట్లాడుకుని సర్టిఫికెట్ అద్దెకిచ్చి, అతను వేరేచోట వేరే పని చేసుకుంటుంటాడు. ఫార్మసీ చదివిన వాళ్లందరికీ తెలిసిన రహస్యమిది.

1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీకి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. షాపులో పనిచేయకుండా యజమానికి సర్టిఫికెట్ ఇవ్వడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు సూటిగా చెప్పాయి. వృత్తికి తగని పని చేసిన వారి వాదన విని, వారి పేరును రిజిస్టరు నుంచి తొలగించే అధికారం 36వ సెక్షన్ కింద రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌కు ఉంది. ఫార్మసిస్టు లేకుండా మందులివ్వడం ప్రజల ఆరోగ్యానికి ముప్పని 2022 నవంబరులో బీహార్ కేసులో సుప్రీంకోర్టు కూడా హెచ్చరించింది.

"చట్టం సరే, ఇల్లు గడవద్దా?" అని అడిగే మిత్రులున్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కదలకుండా నెలనెలా వచ్చే నాలుగు డబ్బుల విలువ నాకు తెలుసు. షాపులో రోజంతా నిలబడితే ఇచ్చే జీతం ఎంతో కూడా తెలుసు.

కానీ ఆ అద్దెకు మూల్యం చెల్లించేదెవరు? మిరప కోతలకెళ్లి, ఎండలో సరిగా నీళ్లు తాగక, నడుం నొప్పితో షాపుకొచ్చే అమ్మ. ఆమె బీపీ మాత్రలు వాడుతోందో లేదో అడక్కుండా రోజూ డైక్లోఫెనాక్ చేతిలో పెడితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకోమంటే ప్రాణమే పోవచ్చు. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అని అడగడానికే కదా మనం నాలుగేళ్లు చదివింది!

ఇంకో సంగతి. సర్టిఫికెట్ అద్దెకు దొరికినంతకాలం ఏ యజమానైనా పూర్తి జీతమిచ్చి మనిషిని ఎందుకు పెట్టుకుంటాడు? మన జీతాలు పెరగకపోవడానికి మనమిచ్చే అద్దె కూడా ఒక కారణమే.

శిక్ష ఫార్మసిస్టుకొక్కడికే పడి, అద్దెకు తీసుకున్న యజమాని తప్పించుకోవడం న్యాయం కాదు. 2025 మార్చిలో 'ఆపరేషన్ గరుడ' పేరుతో మన రాష్ట్రంలో మందుల షాపులను తనిఖీ చేశారు. తనిఖీ చేసే అధికారులు బిల్లులు, స్టాకుతో పాటు కౌంటర్ దగ్గరున్న మనిషి ఎవరో, జీతమెంత అందుతోందో కూడా చూడాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ ఊరి షాపులో "ఫార్మసిస్టు గారు ఎవరండీ?" అని మర్యాదగా అడగండి. రేపు మీలో ఫార్మసీ చదివేవారు సర్టిఫికెట్‌తో పాటు మీరూ షాపులో ఉండండి. ప్రజల సొమ్ముతో హాస్టల్లో అన్నం తిని చదువుకున్న మనం, ఆ ప్రజలకు కనీసం అంత బాకీ ఉన్నాం.

- ఎం.ఫార్మసీ విద్యార్థి,
హాస్టల్ పూర్వ విద్యార్థి, నడికుడి