మన వంటిల్లు: కరువు సీమకు వచ్చిన చేప



చేప అనగానే మన అనంతపురం ఇళ్లలో చాలామంది ముఖం చిట్లిస్తారు. "మాది పొట్టేలు మాంసం తినే సీమమ్మా, చేపలు కోస్తావాళ్లవి" అనే మాట స్త్రీల మైత్రి కూడికలకు వెళ్లినప్పుడల్లా మాకు వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మనది. పెద్ద చెరువులు ఉన్నా అవి నిండి మరవ పారిన సంవత్సరాలను మన అవ్వలు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవారు. మరవ పారిన ఏడు ఊరంతా చేపలే. ఆ తరువాత నాలుగైదేండ్లు చేప ఊసే ఉండదు. అలాంటప్పుడు చేపను తోమడం, కోయడం, వండడం తల్లి దగ్గర కూతురు నేర్చుకునేదెట్లా?

ఇప్పుడు సంగతి కొంత మారింది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు పెన్నహోబిలం, మిడ్ పెన్నార్ జలాశయాలకు చాలా కాలం నుండి వస్తున్నాయి. హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు 2012లో జీడిపల్లికి, 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లికి చేరాయి. నీళ్లు నిలిచిన చోట చేపపిల్లలను వదులుతున్నారు. ఇవి చాలక కోస్తా చెరువుల నుండి ఐసు పెట్టెల్లో లారీలెక్కి వచ్చే చేపలు వేరే ఉన్నాయి. కరువు పోయిందని మేము అనడం లేదు. చెనిక్కాయ చేలు నిలువునా ఎండిన సంవత్సరాలు ఈ మధ్య కూడా చూశాము. నీళ్లు వచ్చిన మేరకైనా వాటితో పాటు వచ్చిన ఆహారాన్ని చేతకాక వదులుకోవడం ఎందుకన్నదే మా మాట.

కిలో పొట్టేలు మాంసం కొనే డబ్బుతో మూడు నాలుగు కిలోల కట్ల గానీ రోహు గానీ వస్తుంది. కట్లనే బొచ్చె అనీ, రోహును శీలావతి అనీ కోస్తావాళ్లు అంటారు. 100 గ్రాముల చేపలో 16 నుండి 19 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మనం తినే రాగుల్లో, ఆకుకూరల్లో ఇనుము ఉన్నా శరీరం దానిని సులభంగా పట్టుకోలేదు. అదే ముద్దతో పాటు కొంచెం చేప గానీ మాంసం గానీ తింటే ఆ ఇనుము ఒంటికి ఎక్కువగా పడుతుంది. కాబట్టి సంగటి, చేపల పులుసు కలిపి తినడంలో రుచి ఒక్కటే కాదు, బలం కూడా ఉన్నది. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర అడుగున మిగిలిన పులుసుతో సరిపెట్టుకునే అలవాటు మన ఆడవాళ్లది. తల్లికి కూడా ఒక ముక్క ముందే తీసిపెట్టండి. ఇది మేము మగవారికి కూడా చెబుతున్నాము.

ఇక కొనడం దగ్గర మొదలుపెడదాము. కన్ను తేటగా, ఉబ్బెత్తుగా ఉండాలి. చెవుల కింద మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, గోధుమరంగు తిరిగితే వద్దు. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. మన ఎండలకు చేప ఎంత త్వరగా చెడుతుందో చెప్పనక్కరలేదు. అందుచేత సంతలో కూరగాయలన్నీ అయిన తరువాత చేపను చివరన కొనండి. బయలుదేరేటప్పుడే ఒక స్టీలు డబ్బా తీసుకువెళ్లి అమ్మేవాళ్లను గుప్పెడు ఐసు అడగండి. గంట సేపు బస్సులో ప్లాస్టిక్ కవరులో ఒడిలో పెట్టుకొని వచ్చిన చేపకు ఎంత మసాలా దట్టించినా లాభం లేదు.

కట్ల, రోహు అయితే 2 కిలోలకు తగ్గని చేపను ఎంచుకుంటే ముక్క బాగా వస్తుంది, ముల్లు కంటికి కనబడుతుంది. బాగా చౌక అని చెప్పి పొలుసు లేని నల్లటి, మీసాల చేపలను కొన్ని చోట్ల అమ్ముతుంటారు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు. అది మన చెరువుల్లోకి చేరితే చిన్న చేపలన్నిటినీ తినివేస్తుంది. దానిని కొనకుండా ఉండడమే మంచిది.

పొలుసు లేని చేప మాట వచ్చింది కాబట్టి, మాకు తరచుగా వచ్చే ప్రశ్నకు కూడా జవాబు చెబుతాము. లేవీయకాండము 11వ అధ్యాయంలో రెక్కలు, పొలుసులు లేనివాటిని తినవద్దని ఉన్నది గదా, మరి మన జెల్ల, వాలుగ తినవచ్చునా? కోస్తాకు కోడళ్లుగా వెళ్లిన మన పిల్లలు రొయ్య, పీత, స్క్విడ్ గురించి కూడా ఇదే అడుగుతారు. మార్కు సువార్త 7వ అధ్యాయం, అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలోని పేతురు దర్శనం చదివిన మాకు ఇందులో పాపమేమీ కనబడదు. అయితే వాటిని ముట్టని సంఘాలవారు కూడా మన పొరుగున ఉన్నారు. అలాంటి ఇంటివారిని భోజనానికి పిలిచినప్పుడు కట్ల గానీ రోహు గానీ వండండి. వాదన పెట్టుకోవద్దు. రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయం ఈ సందర్భానికే ఉన్నది.

చేపను తోమేటప్పుడు తోక నుండి తలవైపుకు కత్తి వెనుక అంచుతో గీకాలి. రాళ్ల ఉప్పు చల్లి గరుకు బండ మీద రుద్దితే జిగట పోతుంది. ఊళ్లలో బూడిదతో రుద్దడం ఉన్నది, అదీ మంచి పద్ధతే. తరువాత మొప్పలు పూర్తిగా తీసివేయాలి. కడుపు చీల్చి లోపలి భాగాలు తీసి, కడుపు గోడకు అంటుకొని ఉండే నల్లటి పొరను వేలితో గీకి కడగాలి. చేదు, నీచు వాసన ఎక్కువగా ఆ పొరలోనే ఉంటాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కడుపులో కాలేయం పక్కన ఆకుపచ్చగా చిన్న తిత్తి ఉంటుంది. అదే చేదు తిత్తి. అది పగలకుండా మెల్లగా తీసి పారవేయాలి. పగిలితే ఆ చోట ముక్కను కోసివేసి బాగా కడగాలి. ఈ తిత్తిని పచ్చిగా మింగితే మధుమేహం తగ్గుతుందనీ, చూపు మెరుగవుతుందనీ, ఉబ్బసం పోతుందనీ చెప్పేవారు ఉన్నారు. దయచేసి ఆ మాట నమ్మవద్దు. రోహు, కట్ల వంటి చేపల పిత్తంలో మూత్రపిండాలను దెబ్బతీసే విషం ఉన్నది. తిన్న కొన్ని గంటలలోనే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలై, రెండు మూడు రోజులలో మూత్రం తగ్గిపోయి, డయాలసిస్ దాకా వెళ్లిన రోగుల వివరాలను మన దేశపు వైద్యులే వ్రాసి ఉంచారు. వండినా ఆ విషం పోదు. ఎవరైనా మింగితే వాంతులు తగ్గాయిలే అని ఇంట్లో కూర్చోబెట్టకుండా, ఏమి తిన్నదీ చెప్పి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. ఇంట్లో షుగరు ఉన్న పెద్దలకు ఈ భాగం చదివి వినిపించండి.

ముక్కలు అడ్డంగా, వేలెడు మందంతో కోయాలి. పలుచగా కోస్తే పెనం మీద విడిపోతాయి, మరీ మందమైతే మధ్యలో పచ్చిగా ఉంటాయి. నడిమి ముక్కను వెన్నుముల్లు దగ్గర రెండుగా చేయండి. కడుపు వైపు ముక్కలో పెద్ద పక్కముళ్లే ఉంటాయి, వాటిని తీయడం తేలిక. వీపు వైపు, తోక వైపు కండలో చీలిన సన్నముళ్లు దాగి ఉంటాయి. కనుక పిల్లలకు, పండ్లు లేని పెద్దలకు కడుపు ముక్క పెట్టండి. ముల్లు గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగమంటారు గాని, దానివల్ల ముల్లు ఇంకా లోతుకు దిగవచ్చు. కాసిని నీళ్లు త్రాగి చూసి, పోకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లడమే.

"ఎంత కడిగినా మట్టి వాసన పోదు" అని మన వాళ్ల పెద్ద ఫిర్యాదు. అది మురికి వల్ల వచ్చినది కాదు. చెరువు నీటిలోని నాచు, సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది చేప కొవ్వులో, తోలులో చేరుతుంది. 1965లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. ఎండిన నేల మీద తొలకరి చినుకు పడగానే లేచే వాసనలో ఉండేది కూడా ఇదే. ఆ వాసన కోసం ఆకాశం వైపు చూసే మనము, చేపలో వచ్చేసరికి ముక్కు మూసుకుంటున్నాము! పులుపు తగిలితే ఈ పదార్థం విరిగిపోతుంది. చేపకు చింతపండు పెట్టిన మన అవ్వలకు ఆ పేరు తెలియదు గాని, పని తెలుసు. కోసిన ముక్కలకు ఉప్పు, పసుపు, పలుచని చింతపండు రసం గానీ పుల్లమజ్జిగ గానీ పట్టించి 15 నిమిషాలు ఉంచి, కడిగి, నీరు ఓడ్చండి. వాసన చాలావరకు తగ్గుతుంది.

వేపుడుకు కిలో ముక్కలకు రెండు చెంచాల కారం, చెంచా ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెంచా పసుపు, తగినంత ఉప్పు, ఒక నిమ్మకాయ రసం, రెండు చెంచాల బియ్యపు పిండి కలిపి పట్టించి అరగంట ఉంచాలి. నిమ్మరసంతో రాత్రంతా నానబెడితే కండ పిండిపిండి అవుతుంది. ముక్క మీద తడి లేకుండా చూసుకొని, ఇనుప పెనం బాగా కాలిన తరువాత చెనిక్కాయ నూనె పోసి వేయండి. గానుగ నూనె అయితే రుచే వేరు. వేసిన తరువాత ముక్కను కదిలించవద్దు. మూడు నాలుగు నిమిషాలకు అడుగు గట్టిపడి తనంతట తానే పెనం వదులుతుంది, అప్పుడు తిప్పాలి. తొందరపడి అట్లకాడ పెట్టేవారికే ముక్కలు చిదురవుతాయి. నాలుగు కరివేపాకు రెమ్మలు చివర వేస్తే చాలు. బజారులో కలిపే ఎర్ర రంగు మన ఇంట్లో అవసరం లేదు.

పులుసు ఇంకా సులభం. పెద్ద నిమ్మకాయంత చింతపండు ముందుగా నానబెట్టండి. ధనియాలు, కొంచెం మెంతులు, ఎండుకొబ్బరి, రెండు చెంచాల చెనిక్కాయ విత్తనాలు దోరగా వేయించి నూరుకోండి. వెడల్పాటి సట్టిలో నూనె కాచి ఆవాలు, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, టమాటా మగ్గిన తరువాత కారం, నూరిన ముద్ద, పులుసు పోసి బాగా మరగనివ్వాలి. పులుసు చిక్కబడిన తరువాతనే ముక్కలు ఒక్కొక్కటిగా జార్చాలి. అక్కడి నుండి 10, 12 నిమిషాలు చాలు. గంటె పెట్టవద్దు. గుడ్డతో సట్టిని రెండు పక్కలా పట్టుకొని మెల్లగా తిప్పండి. ఎక్కువసేపు ఉడికితే ముక్క మెత్తబడుతుందనుకుంటారు, అది పొట్టేలు మాంసం సంగతి. చేప ఎక్కువ ఉడికితే ఎండిపోయి పీచు తేలుతుంది.

యోహాను సువార్త చివరి అధ్యాయంలో ప్రభువు తీరాన బొగ్గుల నిప్పు మీద చేపను కాల్చి, రొట్టెతో పాటు సిద్ధంగా ఉంచిన సంగతి మన మగవారికి అప్పుడప్పుడు గుర్తుచేయండి. రాత్రంతా పనిచేసి అలసి వచ్చినవారికి ఆయనే వండి పెట్టాడు. ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చునే ఇల్లాలికి ఎవరైనా చేప తోమి ఇస్తే ఆమెకు సగం పని తప్పుతుంది.

పులుసు మరునాటికి ఇంకా బాగుంటుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో చలికాలమైతే రాత్రి, మరల ఉదయం బుడగలు వచ్చేటట్లు మరిగించి, తడి గంటె తగలకుండా మూతపెట్టి ఉదయమే తినివేయాలి. మార్చి నుండి జూన్ వరకు మాత్రం ఏ పూటకు ఆ పూటే వండుకోండి. తలకాయ, తోక పారవేయకుండా పులుసులో వేయండి. కడిగిన నీళ్లు చల్లారాక కరివేపాకు చెట్టు మొదట్లో పోయవచ్చు. మీ ఊరి చెరువులో ఏ చేప పడుతున్నది, మీ అవ్వలు దానిని ఎట్లా వండేవారు, మాకు ఒక కార్డు వ్రాయండి. వచ్చే నెల ఎండు చేపలను ఉప్పు తీసి వండే విధానం చూద్దాము.