నదీతీరపు త్రవ్వకములు – మన కర్తవ్యము

ప్రాచీన వస్తువులకై భూమిని త్రవ్వుట పండితుల పనియా, సామాన్యుల పనియా యని యొక విద్యార్థి తరగతిలో నన్నడిగెను. ఇరువురి పనియు నని చెప్పితిని. ఆ చిన్న ప్రత్యుత్తరము చాలదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మానవుడు నీరున్న చోటనే కాపురముండెను. కావున పూర్వుల కుండపెంకులు, ఇటుకలు, ఇనుపచిట్టెము, నాణెములు ఏటిగట్టులందు విశేషముగ దొరకును. అయితే వానిని దాచినదియు ఆ యేరే, హరించునదియు ఆ యేరే. 2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన వరదకు ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయిన సంగతి మనమెరిగినదే. ఇనుమును రాయియు వేసి బిగించిన కట్టకే అట్టి గతి పట్టగా, వేయేండ్లనాటి మట్టిదిబ్బ మాట చెప్పనేల?

ఇట్టి తావులందు శాస్త్రజ్ఞులు మొదట పరీక్షాగుంటలు త్రవ్వుదురు. అవి తరచుగ మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చతురస్రములు. పలుగుతో పెల్లగింపక, తాపీతో పొరపొరగా మట్టిని తీయుదురు, జల్లెడ పట్టుదురు, ఏ పొరలో దొరికిన దాని నా పొర సంచిలోనే యుంచి చీటీ కట్టుదురు, గుంటగోడలయందలి పొరలను కాగితముపై గీయుదురు, తుదకు గుంటను పూడ్చివేయుదురు. ఏమియు దొరకని గుంటయు వ్యర్థము కాదు. పూర్వపు ఊరు ఎందాక వ్యాపించెనో అదియు తెలుపును. పొరనుండి పెరికి తెచ్చిన నాణెము తేదీ చింపివేసిన యుత్తరము వంటిది.

సామాన్యుని చూపు ఎంత యుపకరించునో కోటిలింగాల మనకు నేర్పును. గోదావరి యొడ్డున నున్న యా గ్రామమున స్థానికులు సేకరించిన నాణెములు పరబ్రహ్మశాస్త్రి గారి వంటి పండితుల కంటబడెను. వానియందు శాతవాహన వంశమునకు మూలపురుషుడైన చిముకుని నాణెములును, అంతకు పూర్వులగు గోభదాదుల నాణెములును ఉండెను. పిమ్మట రాష్ట్ర పురావస్తుశాఖవారు వి. వి. కృష్ణశాస్త్రి గారి యాధ్వర్యమున అచ్చట త్రవ్వకములు జరిపిరి. నాణెమును గుర్తించినవాడు స్థానికుడు; నేలను చదివినవాడు శాస్త్రజ్ఞుడు. ఒకరు లేక రెండవవాని పని సాగదు.

క్రైస్తవులమైన మనకు ప్రత్యేకముగ చెప్పవలసిన మాట యొకటి కలదు. గోదావరీ తీరమున మంగపేట ప్రాంతమందు ప్రాచీన సమాధుల చెంత సిలువయాకారము గల నిలువురాళ్లు కలవు. సింగరేణి బొగ్గును కనుగొన్న విలియం కింగు దొరవారు 1877లో వీనిని గూర్చి వ్రాసిరి. వీనిని జూచి ఆదిక్రైస్తవులు ఇచ్చటికి వచ్చిరని చెప్పవలెనని ఎవనికి తోచదు? నాకును తోచెను. కాని యా సమాధులు ఇనుపయుగపు జనులవని విద్వాంసులనేకులు తలంచుచున్నారు. కొన్ని రాళ్లయందు స్త్రీపురుష చిహ్నము లుండుటచే అవి చేతులు చాచిన మానవరూపము లని చెప్పుచున్నారు. మన కిష్టమైన దానిని రాతిచే పలికించుట అబద్ధసాక్ష్యమే యగును. తొమ్మిదవ యాజ్ఞ జీవించియున్న పొరుగువానికే గాక మరణించిన పొరుగువానికిని వర్తించునని నా యభిప్రాయము. తన పక్షమున సాక్ష్యము చెప్పలేని వానిని గూర్చి మరింత జాగ్రత్తగ పలుకవలదా?

ఇక నిధులకై రాత్రివేళ సమాధులను గుళ్లను త్రవ్వువారి సంగతి. వారు పొందునది తరచుగ పెంకులే. పోగొట్టునది మాత్రము మరల దొరకదు. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపచట్టము విధించుచున్నది. సదుద్దేశముతో నైనను అనుమతిలేక మనము త్రవ్వినచో, ఆ మట్టికి కలుగు నష్టము దొంగ త్రవ్విన దానికంటె తక్కువ గాదు.

అయిన మన మేమి చేయవలెను? ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు 2005 మొదలు పాఠశాల విద్యార్థులచే శిక్షకుల పర్యవేక్షణలో గ్రామములందు పరీక్షాగుంటలు త్రవ్వించిరి. లండను నగరమున 2008లో నారంభమైన యుద్యమమున సామాన్య పౌరులు థేమ్సు నది పోటు తగ్గినప్పుడు ఒడ్డునకు దిగి, బయటపడిన దానిని కొలిచి వ్రాసికొనుచున్నారు. మన దేశమందును కొత్త తెలంగాణ చరిత్ర బృందమువారు స్వచ్ఛందముగ ఊరూర తిరిగి శాసనములను, శిల్పములను వెలికి దెచ్చుచున్నారు. మున్నేటి యొడ్డునగాని, మీ యూరి వాగు గట్టునగాని నడచునపుడు ఒక నోటుపుస్తకము చేతనుండుగాక. పెంకు కనబడినచో ఆ చోటు పేరు, తేదీ వ్రాసి, బొమ్మ గీచి, పెంకు నచ్చటనే విడిచి, ఉపాధ్యాయునకు తెలుపుడు. శాస్త్రజ్ఞులు అనుమతితో త్రవ్వునపుడు జల్లెడ పట్టుటకు, పెంకులు కడుగుటకు ముందునకు రండు.

పరీక్షలకు పనికిరాని శ్రమ యేల యని తల్లిదండ్రులు శంకింపవచ్చును. చూచినదానిని చూచినట్లు వ్రాయుట, తెలియనిదానిని తెలియదనుట – ఈ రెండు నేర్చిన బాలుడు ఏ పరీక్షకును వెరవడని నా మనవి.